ద్రాక్షవేరు పురుగు: బ్రాందీ నుండి విస్కీ వరకు

సికిందరాబాదునకు ఉత్తరమున నున్న తిరుమలగిరి బ్రిటిషు పాలనాకాలమున పెద్ద సైనికస్థావరము. 1798లో నిజాముతో కుదిరిన సంధిని బట్టి కుంపిణీ సేనలు ఈ ప్రాంతమున విడిసెను. 1806లో సికందర్ జా పేర సికిందరాబాదు వెలసెను. 1896 నవంబరులో బెంగుళూరు నుండి పోలో పందెములకు వచ్చిన హుస్సారు దళములో ఇరువదియొక్క యేండ్ల విన్‌స్టన్ చర్చిల్ ఉండెను. అప్పుడాయన తన తల్లికి తిరుమలగిరి నుండి ఉత్తరము వ్రాసెను.

ఈ చర్చిల్ 1930లో ప్రకటించిన స్వీయచరిత్రలో చిత్రమైన విషయమొకటి చెప్పెను. తన తండ్రి తరమువారు బ్రాందీలో సోడా కలుపుకొని త్రాగెడివారట. చలిప్రదేశములకు వేటకు పోయినప్పుడు తప్ప విస్కీని ముట్టెడివారు కారట. 1897లో వాయవ్య సరిహద్దున మలకండ్ యుద్ధమునకు పోవువరకు ఆయనకును విస్కీ సహించలేదు. కాని ఆ కాలమునకే భారతదేశములోని దొరల బల్లలపై బ్రాందీ స్థానమును విస్కీ ఆక్రమించుచుండెను. ఒక తరములోనే ఈ మార్పు ఎట్లు వచ్చెను? దీనికి గల కారణములలో ముఖ్యమైనది ఒక పురుగు.

రెండు మద్యములు, ఒకే సూత్రము

తాటికల్లు పొంగుట అందరు చూచినదే. కల్లులోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఈ పని జీవులదేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టరు 1857 మొదలు చేసిన ప్రయోగములతో స్థాపించెను. పులిసిన ద్రవమును కాచినచో ఆల్కహాలు ముందుగా ఆవిరియగును. ఏలయన నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగగా, ఆల్కహాలు 78 డిగ్రీల వద్దనే మరుగును. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుటే బట్టీపట్టుట. తెలంగాణపు అడవులలో ఇప్పపూల నుండి సారా తీయుటయు ఈ సూత్రముననే.

ద్రాక్షసారాయమును బట్టీపట్టగా వచ్చునది బ్రాందీ. ఫ్రాన్సులోని కోన్యాకు పట్టణ ప్రాంతము దీనికి ప్రసిద్ధము. విస్కీకి మూలము ధాన్యము. ధాన్యములో నున్నది పిండిపదార్థము. దానిని ఈస్టు నేరుగా పులియబెట్టలేదు. అందుచే మన ఇండ్లలో రాగులను నానబెట్టి మొలకెత్తించినట్లే బార్లీగింజలను మొలకెత్తించి, ఎండించి, మరపట్టుదురు. మొలకలో పుట్టు ఎంజైము పిండిని చక్కెరగా మార్చును. ఈ ఎంజైమును 1833లో మొదట వేరుచేసినవారును ఫ్రెంచివారే: పాయెన్, పెర్సో అను రసాయనశాస్త్రజ్ఞులు.

తోటలను తినిన శత్రువు

1863 ప్రాంతమున దక్షిణ ఫ్రాన్సులో ద్రాక్షతీగలు కారణము తెలియకుండ ఎండసాగెను. ఆకులు పసుపుబారి రాలును; రెండు మూడేండ్లలో తీగ చచ్చును. రైతులు చచ్చిన తీగలను పెరికి చూచిరి. వేళ్లు కుళ్లియుండెను గాని పురుగేదియు కనబడలేదు.

1868 జూలైలో మోంపెల్యే నుండి ప్లాంషాన్, బాజీల్, సాహ్యూ అను మువ్వురు రోన్ నది దిగువ ప్రాంతపు తోటలను పరీక్షింప వచ్చిరి. వారు చచ్చిన తీగలతో నాగక, పచ్చగా నున్న తీగల వేళ్లను సైతము త్రవ్వి భూతద్దముతో చూచిరి. వేళ్లనిండ పసుపుపచ్చని సూక్ష్మకీటకములు గుంపులుగా అంటియుండెను. అవి పేనుబంకకు దగ్గరి చుట్టములు. సజీవమైన వేరు రసమును పీల్చి బ్రదుకును. తీగ చచ్చినంతనే దానిని విడిచి ప్రక్క తీగకు పోవును. కాబట్టియే చచ్చిన వేళ్లలో నేరస్థుడు దొరకలేదు. ఈ కీటకమునకు ఫిలోక్సెరా అని పేరు.

ఇది అమెరికానుండి దిగుమతియైన తీగలతో వచ్చినదని అమెరికను కీటకశాస్త్రజ్ఞుడు రైలీ పరిశోధనలు నిర్ధారించెను. తెరచాప ఓడలలో సుదీర్ఘ ప్రయాణమున చావదగిన కీటకము, ఆవిరి ఓడలు రాగా, వేగముగా సముద్రము దాటి బ్రదికి వచ్చెనని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఫ్రాన్సు ద్రాక్షసారాయపు ఉత్పత్తి 1875లో సుమారు 845 లక్షల హెక్టోలీటర్లుండగా 1889 నాటికి 234 లక్షలకు పడిపోయెను. కోన్యాకు ప్రాంతమున 2,80,000 హెక్టార్ల తోటలలో 1893 నాటికి మిగిలినవి సుమారు 42,000 హెక్టార్లు మాత్రమే.

విరుగుడు

ప్రభుత్వము మందు కనుగొనినవారికి 3,00,000 ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను. తోటలను నీటముంచిరి, మట్టిలోనికి కార్బన్ డైసల్ఫైడు ఎక్కించిరి. ఇవి ఖర్చుతో కూడినవి, అన్నిచోట్ల సాధ్యము కానివి. తుదకు వ్యాధి పుట్టినచోటనే మందు దొరకెను. అమెరికా తీగలు ఈ పురుగుతో యుగములుగా కలిసి పెరిగినవగుటచే వాటి వేళ్లు దాని కాటును తట్టుకొనగలవు. మన తోటమాలులు మామిడికి అంటుకట్టినట్లు, అమెరికా వేరుపై ఫ్రెంచి తీగను కట్టగా వేరు నిలిచెను, పండు రుచియు నిలిచెను.

కోన్యాకులో మరియొక చిక్కు ఎదురయ్యెను. అచ్చటి సున్నపునేలలో అనేక అమెరికా వేళ్లు పాలిపోయెను. అందుచే 1887లో ప్యేర్ వ్యాలా అమెరికాకు పోయి, టెక్సాసులోని ద్రాక్షశాస్త్రజ్ఞుడు మన్సన్ సాయముతో సున్నపునేలకు తగిన జాతులను గుర్తించెను. 1888లో ఫ్రెంచి ప్రభుత్వము మన్సన్‌ను గౌరవపతకముతో సత్కరించెను.

విస్కీ ప్రవేశము

తోటలు తిరిగి కాపునకు వచ్చునప్పటికి చాల ఆలస్యమయ్యెను. బ్రాందీ కరవై, ప్రియమైపోయెను. ఆ చోటును ఆక్రమించుటకు స్కాట్లండు విస్కీ సిద్ధముగా నుండెను. 1830లో డబ్లిన్‌కు చెందిన ఈనియాస్ కాఫీ హక్కుపత్రము పొందిన స్తంభపు బట్టీ ఎడతెగకుండ పనిచేయును. చౌకగా, ఎక్కువ మద్యమును దింపును. ఇట్టి స్తంభపు బట్టీకి 1813లోనే మార్గము చూపినవాడు సెల్యే-బ్లూమెంతాల్ అను ఫ్రెంచివాడు. ఘాటైన మాల్టు విస్కీలో ఈ తేలికపాటి మద్యమును కలుపగా సోడాతో త్రాగదగిన మిశ్రమ విస్కీ ఏర్పడెను. 1872లో హిరమ్ కాడ్ హక్కు పొందిన గోలీసోడాబుడ్డియు అప్పటికి వాడుకలోనికి వచ్చుచుండెను.

మద్యము దండులకు మేలు చేసినదనుకొనరాదు. 1863లోనే ఫ్లారెన్సు నైటింగేలు భారతదేశపు దండులలోని సారా వాడకము సైనికుల అనారోగ్యమునకు కారణములలో ఒకటని హెచ్చరించెను. చర్చిల్ వచ్చిపోయిన మరుసటి యేట, 1897 ఆగస్టు 20న, సికిందరాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచెను. ప్లాంషాన్‌కు భూతద్దము చూపినట్లే, రాసుకు సూక్ష్మదర్శిని చూపినదియు అల్పకీటకము మోసుకొని వచ్చు గొప్ప విపత్తునే.

ఫ్రాన్సులో విస్కీ

ఒకప్పుడు బ్రాందీ దేశమైన ఫ్రాన్సులో నేడు విస్కీ బట్టీలు వెలసినవి. బ్రిటనీ ప్రాంతమున లానియోన్ పట్టణములోని వారెంఘెమ్ బట్టీ 1900లో స్థాపితమై, 1987లో మిశ్రమ విస్కీని, 1998లో ఆర్మోరిక్ అను సింగిల్ మాల్టును విడుదల చేసెను. ఆ ప్రాంతమునందే మెన్హీర్ బట్టీవారు నల్లగోధుమతో ‘ఎద్దు’ అను విస్కీని చేయుచున్నారు. ఈ పేరునకు మన ఎద్దుతో సంబంధము లేదు. బ్రెటన్ భాషలో ‘ఎద్’ ధాన్యము, ‘దు’ నలుపు. వృక్షశాస్త్రరీత్యా అది గోధుమజాతిదియే కాదు. 2015లో బ్రిటనీ, అల్సాసు విస్కీలకు భౌగోళిక గుర్తింపు లభించెను.

రుచులలో భేదమేల? ఐరోపా నియమముల ప్రకారము విస్కీ కనీసము మూడేండ్లు కొయ్యపీపాలలో నుండవలెను. ఓకు కొయ్యలోని వెనిలిన్ తియ్యని వాసన నిచ్చును. పులియునప్పుడు పుట్టు ఎస్టరులు పండ్ల వాసనకు, మొలకలను పీటుపొగపై ఎండించుటచే చేరు ఫీనాలులు పొగవాసనకు కారణములు. కోన్యాకు ఉండిన పీపాలో నిలువచేసినచో ఆ ఛాయయు చేరును. నిపుణులు నాలుకకంటె ముక్కునే ఎక్కువగా నమ్ముదురు; కొద్దిగా నీరు కలిపి వాసన చూతురు. పీపానుండి ఏటేట కొంత ఆవిరియై పోవును. చల్లని స్కాట్లండులో ఇది సుమారు నూటికి రెండు వంతులు; బెంగుళూరువంటి వేడిచోట ఇంతకు అనేక రెట్లు.

ఈ వాసనల వెనుక నున్న పదార్థము విషస్వభావము గలదేనని విద్యార్థులు మరువరాదు. 1988లోనే అంతర్జాతీయ కేన్సరు పరిశోధనాసంస్థ మద్యమును మానవులకు కేన్సరు కలిగించు వస్తువుల మొదటి వర్గమున చేర్చెను.

ఫిలోక్సెరా నేటికిని నశించలేదు. ప్రపంచమున అధికభాగము ద్రాక్షతోటలు నేటికిని పురుగును తట్టుకొను వేళ్లపై కట్టిన అంట్లే. పరదేశపు మొక్కను పరీక్ష లేక దిగుమతి చేసినచో ఎంత నష్టము రాగలదో ఆ పాత తోటల చరిత్ర తెలుపుచున్నది. రేవులలో మొక్కల తనిఖీ ఉండుట అందులకే.