బేరియాట్రిక్ సర్జరీ: ఆకలి నియంత్రణ చరిత్ర

తీవ్రమైన ఊబకాయానికి జీర్ణాశయం, చిన్నపేగులపై చేసే శస్త్రచికిత్సలను బేరియాట్రిక్ సర్జరీ అంటారు. పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుందన్న ఆలోచనతో మొదలైన ఈ చికిత్స, ఆకలి విషయంలో పేగులు మెదడుకు ఏం చెబుతాయో తెలుసుకోవడానికి దారి తీసింది.

ఆరంభం

1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ బృందం ఆహారం చిన్నపేగులో చాలా భాగాన్ని తాకకుండా పోయే బైపాస్ పద్ధతిని వెల్లడించింది. బరువు తగ్గినా విరేచనాలు, కాలేయ జబ్బు, మూత్రపిండాల్లో రాళ్లు పీడించడంతో అది మూలపడింది. పుండ్ల కారణంగా జీర్ణాశయంలో కొంత తీసేసినవారు సన్నబడటాన్ని గమనించిన అయోవా సర్జన్ ఎడ్వర్డ్ మేసన్, 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్‌కు నాంది పలికాడు. ఇప్పటి పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల సంచిని వేరుచేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. 2000 తర్వాత స్వతంత్ర చికిత్సగా ఎదిగిన స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని 75–80 శాతం తొలగించి, అరటిపండు ఆకారపు గొట్టాన్ని మిగులుస్తారు.

హార్మోన్ల పాత్ర

డైటింగ్‌తో సన్నబడినవారికి ఆకలి పెరుగుతుంది. సర్జరీ చేయించుకున్నవారిలో చాలామందికి మాత్రం కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుంటుంది. ఈ తేడాకు కారణం వెతకడానికి 1999లో దారి దొరికింది. ఆ ఏడాది జపాన్‌లో కొజిమా, కంగావా బృందం గ్రెలిన్‌ను కనుగొంది. ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలో తయారయ్యే ఈ హార్మోన్ భోజనానికి ముందు పెరిగి, తిన్నాక తగ్గుతుంది. 2002లో కమింగ్స్ బృందం రోజంతా రక్తనమూనాలు తీసి చూసింది. డైటింగ్ చేసినవారిలో గ్రెలిన్ 24 శాతం పెరిగింది. బైపాస్ అయినవారిలో సాధారణ బరువున్నవారికంటే 77 శాతం తక్కువగా ఉంది. బైపాస్ విషయంలో తర్వాతి అధ్యయనాలన్నీ ఇదే ఫలితం ఇవ్వలేదు. స్లీవ్‌లో మాత్రం గ్రెలిన్ తయారయ్యే భాగమే పోతుంది కాబట్టి తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది.

బైపాస్ తర్వాత ఆహారం చిన్నపేగు కింది భాగానికి త్వరగా చేరుతుంది. అక్కడి కణాలు జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లను ఎక్కువగా విడుదల చేసి, ఇక చాలని మెదడుకు కబురు పంపుతాయి. 2007లో లె రూ బృందం ఈ హార్మోన్లను అణిచే మందు ఇవ్వగా, బైపాస్ అయినవారు మళ్లీ ఎక్కువ తిన్నారు.

పరిమితులు

కొందరిలో ఏళ్లు గడిచాక ఆకలి, బరువు తిరిగి పెరగవచ్చు. బీ12, ఇనుము వంటి పోషకాల లోపం రాకుండా జీవితాంతం మాత్రలు, పరీక్షలు అవసరం. అయినా ఈ చరిత్ర ఒక అన్యాయమైన నిందను తుడిచింది. ఊబకాయుల ఆకలిని మనోనిబ్బరం లేకపోవడంగా చూడటం తప్పని, దాని వెనుక కొలవదగిన శరీరధర్మం ఉందని అది రుజువు చేసింది.