పటం మీద రెండు మిల్లీమీటర్ల ఇసుక

ఆషాఢం గాలులు మొదలయ్యాయంటే వేదవతి ఒడ్డున ఇసుక లేస్తుంది. కన్నడ సీమలో హగరి అని పిలిచే ఈ నది అనంతపురం జిల్లా కణేకల్, బొమ్మనహాళ్ మండలాల మీదుగా తుంగభద్ర వైపు సాగుతుంది. సాగుతుందనడం పాత అలవాటు. ఎగువన కర్ణాటకలో 1907లో కట్టిన వాణీవిలాస సాగరం ఉంది, ఇవతల భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. కింద మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. నైరుతి గాలి ఆ ఇసుకను తూర్పు ఒడ్డున ఉన్న పొలాల్లోకి మోసి దిబ్బలుగా పోస్తుంది. దర్గా హొన్నూరు దగ్గరి దిబ్బలు ఎంత ఎడారిలా ఉంటాయంటే, సినిమావాళ్ళు ఎడారి సన్నివేశాల కోసం అక్కడికి వచ్చారు.

ఈ ఇసుక అంతరిక్షం నుంచి కూడా కనిపిస్తుంది. అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2016లో దేశమంతటి ఎడారీకరణ పటాల సంపుటిని అచ్చువేసింది. నేల ఎక్కడ, దేనివల్ల, ఎంతగా చెడిందో రంగులతో గుర్తించింది. వాననీటి కోత ఒక రంగు, గాలి కోత మరొకటి, చౌడు ఇంకొకటి. 2011–13 నాటికి దేశ భూభాగంలో 29.32 శాతం, అంటే 9.64 కోట్ల హెక్టార్లు క్షీణించిన నేలేనని తేల్చింది. 2021లో వచ్చిన కొత్త సంపుటిలో అది 9.78 కోట్లు దాటింది.

గొప్ప పనే, కాదనలేం. అయితే ఆ పటాల స్కేలు ఐదు లక్షలకు ఒకటి. కిలోమీటరు వెడల్పున్న ఇసుక మేట కాగితం మీద రెండు మిల్లీమీటర్ల గీత అవుతుంది. ఢిల్లీలో నిధులు పంచేవారికి అది చాలు. ఏ చేను పక్కన సర్వి చెట్లు నాటాలో తేల్చుకోవలసిన రైతుకు అందులో దొరికేది ఏమీ లేదు.

బయటివారు ఈ నేలను కొలవడం కొత్త కాదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కణేకల్ ఉన్న రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లా రాళ్ళూ నేలలూ నడిచి చూసిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నివేదిక 1895లో వెలువడింది. అంతకు దాదాపు ఇరవై ఏళ్ళ ముందే ఇక్కడి మనుషుల తిండి లెక్క మీద పెద్ద తగవు నడిచింది.

అది ధాత కరువు కాలం, 1876–78. వైస్రాయ్ లిట్టన్ పంపగా 1877 జనవరిలో మద్రాసు రాజ్యానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ ఒప్పుకోలేదు. అంత తిండితో మట్టి మోసే మనిషి బతకడని అధికారిక లేఖల్లో వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు.

ఈ కథలో ఒక చిత్రం ఉంది. 1871 నాటి మద్రాసు రాజ్యపు జనాభా లెక్కల నివేదిక రాసింది కూడా ఈ కార్నిషే. కరువు ఎంతమందిని మింగిందో తెలిసింది ఆ లెక్క పక్కన 1881 లెక్కను పెట్టి చూసినప్పుడు. తర్వాత అనంతపురం జిల్లాగా విడిపోయిన ప్రాంతంలో 7 లక్షల 40 వేలు దాటిన జనాభా పదేళ్ళలో 6 లక్షల లోపుకు పడిపోయింది. దాదాపు ఐదో వంతు.

అప్పటికి అంకెలను బొమ్మ కట్టడం తెలియనిదేమీ కాదు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా నివారించగల రోగాలతోనే ఎక్కువ చచ్చారని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లోనే రంగుల చక్రం గీసి చూపింది. మన కరువు మీద కూడా ఆమె 1878లో పత్రికకెక్కి రాసింది. కానీ ఆ చక్రాలు చూసేది మంత్రులూ దొరలూ. కరువు పనిలో ఉన్న కూలీకి తన లెక్క తనకు చూపినవాడు లేడు.

చూపే ప్రయత్నం జరగడానికి నూటపాతికేళ్ళు పట్టింది. 2003లో మొదలైన ఏపీ రైతు నిర్వహణ భూగర్భజల పథకాన్ని నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ నడిపింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో 638 ఊళ్ళు. ఊళ్ళోనే వర్షమాపకం పెట్టారు. రైతులు, అందులో ఆడవాళ్ళూ, పొద్దున్నే వాన కొలిచేవారు. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం చూసేవారు. బోరు ఎంత పోస్తోందో డ్రమ్ము, గడియారం పెట్టి లెక్కగట్టేవారు. అంతా పుస్తకంలోకి ఎక్కేది, అందరూ చూసేచోట బోర్డు మీదకూ ఎక్కేది.

అసలు పని రబీకి ముందు. ఒకే వాగు పరీవాహకం, అంటే ఒకే నీటివాటం కిందికొచ్చే ఊళ్ళ రైతులు ఒకచోట కూడేవారు. కురిసిన వానలో నేలలోకి ఎంత ఇంకింది, ఎవరెవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి అన్నీ కూడికలు వేసి చూస్తే లోటు కళ్ళెదుట కనిపించేది. వరి మానమని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క చూసి ఎవరి నిర్ణయం వారిదే. జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లని చెబితే రైతు నవ్వుతాడు, ఎందుకంటే పక్క ఊళ్ళో కురిసిన వాన తన చేలో కురవదు. ఇక్కడ బోర్డు మీదున్నది తన ఊరి వానే, తాను కొలిచిందే.

ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ప్రకారం ఈ నీటివాటాల్లో 42 శాతం రబీలో నీటి తోడకం వరుసగా తగ్గించుకున్నాయి. 51 శాతం అప్పుడప్పుడూ తగ్గించాయి. పెరిగింది 7 శాతంలోనే. సబ్సిడీ ఇవ్వకుండా, జరిమానా వేయకుండా వచ్చిన ఫలితమిది. కాబట్టి చిన్నది కాదు.

పథకం ముగిశాక చాలా ఊళ్ళలో కొలతలు ఆగిపోయాయి. తర్వాత వెళ్ళి చూసిన పరిశోధకులు తొలి నివేదికలంత ఉత్సాహం చూపలేదు. పుస్తకం రాసినవాడికి గౌరవ వేతనం లేదు, సమావేశం పిలిచేవాడు లేడు. లోపం కొలతల్లో లేదు, వాటిని ఏటా తీసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడంలో ఉంది.

ఇప్పుడు భూగర్భజల శాఖ పరిశీలక బోర్లు నీటిమట్టాన్ని వాటంతటవే పంపుతున్నాయి, ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. గ్రామ సచివాలయాలు ఉన్నాయి, రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి, రెండింటికీ గోడలున్నాయి. కణేకల్ లాంటి మండలాల్లో అక్టోబరు నెలాఖరుకల్లా ఆ ఏటి వాన, నీటిమట్టం ఆ గోడల మీద గీతగా కనిపించాలి. అడిగితే వ్యవసాయ సహాయకులు చేస్తారు, అడగవలసింది రైతులే.