తుపాకీ పక్కన పెట్టి తీసిన పులి

పాత సంస్థానాల ఆల్బముల్లో పులి ఫోటోలన్నీ ఒకటే తీరు. కింద చచ్చిన పులి, దాని మీద బూటు కాలు, పక్కన తుపాకీతో దొరగారో రాజాగారో. నేను చరిత్ర పాఠం చెప్పిన రోజుల్లో అలాంటి ఫోటో ఒకటీ, ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ తీసిన ఫోటో ఒకటీ పక్కపక్కన పెట్టేవాణ్ణి. మొదటిది చూసి పిల్లలు "ఎవరు చంపారు సార్?" అనేవారు. రెండోది చూసి, "తర్వాత ఎటు పోయింది సార్?" అని అడిగేవారు. చిత్రమేమిటంటే, మొదటి ప్రశ్న మనిషి గురించి, రెండోది పులి గురించి.

ఛాంపియన్ నాటి యునైటెడ్ ప్రావిన్సెస్‌లో అటవీ అధికారి. వేట మీద ఆయనకు మనసు లేదు. హిమాలయాల దిగువ అడవుల్లో పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, దాన్ని కెమెరాకూ మెగ్నీషియం పొడికీ తగిలించేవాడు. కాలు తగలగానే చీకట్లో ఒక్క మెరుపు! పులి తన బొమ్మ తానే తీసుకుని వెళ్ళిపోయేది. ముందుగా ఏ జింకో తీగ తొక్కితే ఆ రాత్రి శ్రమంతా వృథా. 1925 అక్టోబరులో ఆ ఫోటోలు 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' మొదటి పేజీకెక్కాయి. జిమ్ కార్బెట్ అంతటివాణ్ణి కెమెరా వైపు మళ్ళించినవి ఛాంపియన్ ఫోటోలే.

ఆ ఫోటోల్లోనే ఛాంపియన్ ఒక సంగతి పట్టుకున్నాడు. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఇంత మంచి ఆధారం చేతిలో ఉన్నా మన ప్రభుత్వాలు దశాబ్దాల పాటు పాదముద్రలనే నమ్ముకున్నాయి. మన పూర్వ విద్యార్థుల్లో అటవీ శాఖలో చేసినవారికి, అడుగుజాడ మీద గాజుపలక పెట్టి గీసిన రోజులు గుర్తుండే ఉంటాయి. 1972 లెక్కలో దేశంలోని పులులు 1,827. మరుసటి ఏడే ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. తర్వాత లెక్కలు బాగానే కనిపించాయి గానీ, 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని తేలింది. అప్పటిదాకా అవి కాగితం మీద బతికే ఉన్నాయి!

కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ 1990లలోనే కెమెరాలతో, చారలను బట్టి పులులను లెక్కించి చూపించారు. సరిస్కా దెబ్బ తర్వాతే దేశమంతా ఆ దారి పట్టింది. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే సుమారు 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. మన నల్లమల పులులను కూడా ఇప్పుడు చారలను బట్టే గుర్తుపట్టి నమోదు చేస్తున్నారు.