రాత్రి గంటకు పది నిమిషాలు

రాత్రి రెండింటికి ఊరంతా నిద్రలో ఉంటే, స్టేషన్ మాస్టర్ పక్క స్టేషన్‌తో ఫోన్లో ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటుంటాడు. లైన్ క్లియర్ అనే అనుమతి దొరికితేనే గూడ్సు కదిలేది. కునుకు తీస్తే కొంపలంటుకుంటాయి. మరి ఆ మెలకువ ఖరీదెంత?

చాన్నాళ్లు ఆ లెక్క ఎవరూ వేయలేదు. 1905 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో కరెంటు దీపాలు వెలగ్గానే పనిదినం పదిహేను గంటల దాకా సాగింది. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్లకు 12 గంటలన్న హద్దు పెట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టమైతే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇమ్మంది, ఆడవాళ్లను రాత్రిళ్లు పనిలో పెట్టొద్దంది. రాత్రి షిఫ్టుకు అదనంగా ఇంత ఇవ్వాలని మాత్రం అనలేదు.

వెల కట్టింది సర్కారీ కొలువుల్లోనే, అందులోనూ రైల్వేలో గట్టిగా. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చేసే ప్రతి గంటకు పది నిమిషాలు కలుపుతారు. ఎనిమిది గంటలు మేలుకుంటే 80 నిమిషాల అదనపు వేతనం. 2020 జులై 13 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం బేసిక్, డీఏ కలిపి 200తో భాగిస్తే గంట రేటు వస్తుంది. బేసిక్ 43,600 ఉన్నవాళ్లకు, డీఏ పక్కన పెడితే, గంటకు 218. రాత్రంతా కలిపి 290 రూపాయల చిల్లర.

అదే ఉత్తర్వులో సీలింగ్ కూడా ఉంది. బేసిక్ 43,600 దాటితే ఈ రాత్రి అలవెన్స్ సున్నా అంది. అమలు 2017 జులై 1 నుంచి. దాంతో అప్పటికే చేతికొచ్చి ఖర్చైపోయిన డబ్బుకు రైల్వేలో రికవరీ మొదలైంది. 2020 అక్టోబరులో స్టేషన్ మాస్టర్లు కొవ్వొత్తులు వెలిగించి నిరసన తెలిపారు. నన్నడిగితే కోపం న్యాయమే: బేసిక్ పెరిగేది వయసుతో, నిద్ర కాయడం కష్టమయ్యేదీ ఆ వయసులోనే.

ఇక ఆడవాళ్ల రాత్రి పని మీది నిషేధాన్ని 2002లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్ రాత్రి పనికి వాళ్ల సమ్మతి, భద్రత ఉండాలంటుంది. రాత్రి రేటు ఊసు లేదు. రాత్రి పనికి జీతంలోనో పనిగంటల్లోనో పరిహారం ఉండాలన్న 1990 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడికను మన దేశం ఆమోదించనే లేదు. హైటెక్ సిటీ కుర్రాడికి నైట్ షిఫ్ట్ అలవెన్స్ అంటే కంపెనీ దయ. రోస్టర్ పగటికి మారిన నెల పేస్లిప్‌లో ఆ గడి ఖాళీ.