ప్రైవేటు సెక్యూరిటీ గార్డు: శిక్షణ, అర్హతలు

భారతదేశంలో ప్రైవేటు సెక్యూరిటీ గార్డుగా పనిచేయదలచినవారికి ఉండాల్సిన వయసు, దేహదారుఢ్యం, సత్ప్రవర్తన, శిక్షణలను ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 నిర్దేశిస్తుంది. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలను కలిపి దీన్ని వాడుకలో ‘పసారా’ అంటారు. ఈ చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవాల్సింది ఏజెన్సీ. శిక్షణ పూర్తిచేసి ధ్రువపత్రం పొందాల్సింది గార్డు. బ్యాంకు, ఆసుపత్రి, కళాశాల, కర్మాగారం, ఎక్కడ ప్రమాదం జరిగినా పోలీసులూ అగ్నిమాపక దళమూ వచ్చేలోపు అక్కడుండే మనిషి గార్డే. ఆ కొద్ది నిమిషాల్లో అతను ఏం చేయగలడన్నది అతనికి దొరికిన శిక్షణను బట్టి ఉంటుంది.

చట్ట నేపథ్యం

తెలుగు పల్లెల్లో ఊరి కాపలా చూసిన తలారులు ఆ పనిని పెద్దల వెంట తిరిగి నేర్చుకున్నారు. పట్టణాలు, పరిశ్రమలు పెరిగాక కాపలా పని కాంట్రాక్టు వ్యాపారంగా మారింది. ప్రభుత్వ రంగ పరిశ్రమల రక్షణకు 1969లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్), ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 చట్టంతో ప్రత్యేక రక్షణ దళం (ఎస్పీఎఫ్) ఏర్పడ్డాయి. ఇవి ప్రభుత్వ దళాలు కాబట్టి పసారా పరిధిలోకి రావు.

ప్రైవేటు ఏజెన్సీలకు దేశమంతటికీ వర్తించే కట్టుబాటు 2005 చట్టంతో వచ్చింది. 2006లో అది అమలులోకి రాగా, అదే ఏడాది కేంద్ర హోం శాఖ నమూనా నియమాలు విడుదల చేసింది. 2020లో కొత్త నమూనా నియమాలు వచ్చాయి. వీటిని ఆధారం చేసుకుని రాష్ట్రాలు తమ నియమాలు రూపొందించుకుంటాయి. రాష్ట్ర హోం శాఖలో సంయుక్త కార్యదర్శి హోదాకు తగ్గని అధికారి ‘నియంత్రణాధికారి’గా ఉండి లైసెన్సులు ఇస్తారు.

గార్డుకు ఉండాల్సిన అర్హతలు

చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి భారత పౌరుడై ఉండాలి, లేదా కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన దేశపు పౌరుడైనా కావచ్చు. 18 ఏళ్లు నిండి, 65 ఏళ్లు నిండకుండా ఉండాలి. అతని నడవడి, పూర్వాపరాలు మంచివని ఏజెన్సీ నిర్ధారించుకోవాలి. కోర్టులో శిక్ష పడినవారిని, సైన్యం లేదా పోలీసు వంటి దళాల నుంచి దుష్ప్రవర్తన కారణంగా తొలగించబడినవారిని పనిలో పెట్టుకోకూడదు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు, హోంగార్డులుగా పనిచేసినవారికి నియామకంలో ప్రాధాన్యం ఉంటుంది.

దేహదారుఢ్య ప్రమాణాలను 2006 నమూనా నియమాలు ఇలా చెప్పాయి. పురుషుల ఎత్తు కనీసం 160 సెంటీమీటర్లు, మహిళలది 150. పురుషుల ఛాతీ 80 సెంటీమీటర్లు ఉండి, ఊపిరి పీల్చినప్పుడు మరో 4 పెరగాలి. మహిళలకు ఛాతీ కొలత నిబంధన లేదు. చూపు కళ్లద్దాలతోనైనా సరిగా ఉండాలి. రంగులు గుర్తించలేని లోపం ఉండకూడదు. కిలోమీటరు దూరాన్ని 6 నిమిషాల్లో పరుగెత్తగలగాలి. మాట, అలారం చప్పుడు స్పష్టంగా వినిపించాలి. పనిలో చేరాక కూడా 12 నెలలకొకసారి వైద్య పరీక్ష చేయించాల్సిన బాధ్యత ఏజెన్సీదే.

శిక్షణ కాలం

నమూనా నియమాల ప్రకారం కొత్తగా చేరేవారికి 100 గంటల తరగతి బోధన, 60 గంటల మైదాన శిక్షణ, మొత్తం 160 గంటలు తప్పనిసరి. వీటిని కనీసం 20 పనిదినాలకు పంచాలి. అంటే రోజుకు 8 గంటలు. క్రమశిక్షణ, ఆయుధాల వాడకం ముందే తెలిసిన మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల బోధన, 16 గంటల మైదాన శిక్షణతో కనీసం 7 పనిదినాల సంక్షిప్త కోర్సు చాలు. ఉత్తీర్ణులైనవారికి శిక్షణ సంస్థ వారి పేరు మీద ధ్రువపత్రం ఇస్తుంది. గార్డులకు శిక్షణ ఇచ్చే వ్యాపారాన్ని కూడా చట్టం ఏజెన్సీ నిర్వచనంలోనే చేర్చింది.

ఏం నేర్పుతారు

యూనిఫాం సరిగా ధరించడం, జనంతో మర్యాదగా మెలగడం పాఠ్యక్రమంలో మొదట వస్తాయి. ఆసుపత్రి గేటు దగ్గర ఆందోళనలో ఉన్న రోగి బంధువును ఆపాల్సి వచ్చినప్పుడు గార్డు ఎంచుకునే మాటే గొడవను చల్లార్చవచ్చు, రాజేయనూ వచ్చు. అందుకే ప్రవర్తన కూడా నేర్పాల్సిన విద్యే.

గుర్తింపు పత్రాల తనిఖీ మరో ముఖ్యాంశం. గార్డు డిగ్రీ చదివి ఉండనక్కర్లేదు. కానీ గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టులు, ఆయుధ లైసెన్సుల మీద కనిపించే ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను చదివి అర్థం చేసుకోగలగాలి. సందర్శకుల రిజిస్టరు రాయడం, సరుకు బయటికి వెళ్లేటప్పుడు గేట్‌పాస్‌తో సరిచూడటం, షిఫ్టు మారేటప్పుడు రిలీవర్‌కు పాయింటు అప్పగించడం రోజూ అక్కరకొచ్చే పనులు. రిజిస్టరులో రాసిన ఒక వాహనం నంబరు, ఒక సమయం తర్వాత పోలీసు దర్యాప్తుకు ఆధారం కావచ్చు.

అగ్నిప్రమాదం, ప్రథమ చికిత్స పాఠాలు చేసి చూస్తేనే ఒంటబడతాయి. ఎలక్ట్రికల్ మంటల మీద నీళ్లు చల్లకూడదని, ఎక్స్‌టింగ్విషర్‌ను మంట కొసల మీద కాక మొదలు మీదకు గురిపెట్టాలని చెప్పడం తేలికే. పిన్ను లాగి సిలిండర్ వాడిన అనుభవం ఉన్న చెయ్యే ఆపదలో తడబడదు. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేసేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. పెద్దవారికి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. బొమ్మ మీద సాధన చేయకుండా ఆ లయ, ఆ బలం పట్టుబడవు.

నాటు పేలుడు పదార్థాలను గుర్తించడం, జనసమూహాన్ని అదుపు చేయడం, విపత్తులో స్పందించడం కూడా ఉన్నాయి. అనుమానాస్పద సంచి కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా, జనాన్ని దూరం పంపి, పోలీసులకు కబురు చేయడమే గార్డు పని. తెరిచి చూసే సాహసం అతని విధి కాదు. డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్, చేతి డిటెక్టర్, అలారం వంటి పరికరాల వాడకం, పోలీసు, సైనిక హోదా చిహ్నాలను గుర్తించడం కూడా నేర్పుతారు. డ్రైవింగ్‌లో జాగ్రత్తల శిక్షణ కవచ (ఆర్మర్డ్) వాహనాల డ్రైవర్లకు తప్పనిసరి. తుపాకీ వాడకం ఐచ్ఛికం.

చట్టపు హద్దులు

గార్డుకు పోలీసు అధికారాలు లేవు. ప్రతి పౌరుడికీ ఉన్న హక్కులే అతనికీ ఉన్నాయి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, తన కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం చేసిన వ్యక్తిని ఎవరైనా పట్టుకోవచ్చు. అయితే అనవసర జాప్యం లేకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. దొరికిన దొంగను కొట్టడం ఈ హక్కుల్లో భాగం కాదు. ఈ తేడా తెలియని గార్డు యజమాని ఆస్తిని కాపాడబోయి తానే ముద్దాయి కావచ్చు. కాబట్టి చట్టం పాఠం ముందుగా రక్షించేది గార్డునే.

యూనిఫాం విషయంలోనూ హద్దుంది. సైన్యం, పోలీసు దుస్తులను గానీ వాటిలా కనిపించే దుస్తులను గానీ గార్డు ధరిస్తే, అతనికీ ఏజెన్సీ యజమానికీ ఏడాది వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సూపర్‌వైజర్లు, ఆయుధ గార్డులు

నమూనా నియమాలు 15 మంది గార్డులకు ఒక సూపర్‌వైజర్ ఉండాలన్నాయి. గార్డులు వేర్వేరు చోట్ల పనిచేస్తుంటే ఆరుగురికి ఒకరు. ఈ పదవికి సైన్యంలో గానీ పోలీసు శాఖలో గానీ మూడేళ్లకు తగ్గని అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. వీరికి నాయకత్వం, నిర్వహణ పాఠాలు అదనం. తుపాకీ పట్టాలంటే ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్సు ఉండాలి.

నగదు రవాణాకు కేంద్రం 2018లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. నగదు వాహనంలో డ్రైవరుతో పాటు ఇద్దరు సాయుధ గార్డులు, ఇద్దరు ఏటీఎం అధికారులు లేదా కస్టోడియన్లు ఉండాలి. ఒక్క ట్రిప్పులో రూ.5 కోట్లకు మించి తీసుకెళ్లకూడదు. ఏటీఎంలలో నగదు నింపడం నగరాల్లో రాత్రి 9, గ్రామాల్లో సాయంత్రం 6, నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 4 గంటలకు ముగించాలి.

ఏజెన్సీ బాధ్యత

ఏజెన్సీ లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. చట్టం నిర్ణయించిన రుసుము ఒక జిల్లాకు రూ.5,000, ఐదు జిల్లాల వరకు రూ.10,000, రాష్ట్రమంతటికీ రూ.25,000. దరఖాస్తుల కోసం కేంద్రం 2019లో ఆన్‌లైన్ పోర్టల్ ప్రారంభించింది. లైసెన్సు లేకుండా వ్యాపారం నడిపితే ఏడాది వరకు జైలు, రూ.25,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. శిక్షణ ఇవ్వకపోయినా, కనీస వేతనం, భవిష్య నిధి వంటి కార్మిక చట్టాలను ఉల్లంఘించినా లైసెన్సు రద్దు కావచ్చు.

నైపుణ్య ధ్రువీకరణ

జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో నిరాయుధ గార్డు, సాయుధ గార్డు, వ్యక్తిగత భద్రతాధికారి, సూపర్‌వైజర్ వంటి ఉద్యోగాలకు వేర్వేరు ప్రమాణాలున్నాయి. ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా చేతిలో కాగితం లేనివారికి ‘పూర్వాభ్యసన గుర్తింపు’ పద్ధతిలో పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే వీలుంది.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం, 2013 జనం గుమిగూడే వాణిజ్య, విద్యా, వైద్య ప్రాంగణాల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి చేసింది. దాంతో మానిటర్లు గమనించడం, రికార్డులు భద్రపరచడం కూడా గార్డుల పనిలో చేరాయి.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంగతి వేరు. సెల్లార్ గదిలో కుటుంబంతో ఉంటూ మోటారు వేయడం నుంచి రాత్రి కాపలా దాకా చూసే అతన్ని సాధారణంగా ఫ్లాట్ల సంఘమే నేరుగా నియమించుకుంటుంది. పసారా ఏజెన్సీలను నియంత్రించే చట్టం కావడంతో, అందులోని 160 గంటల శిక్షణ హామీ ఇతనికి అందదు. వాచ్‌మన్‌కు కనీసం మంటలార్పడం, ప్రథమ చికిత్స, లిఫ్టులో ఇరుక్కున్నవారిని కాపాడటం నేర్పించడం సంఘాలు స్వచ్ఛందంగా చేయదగిన పని.

విదేశాల్లో తెలుగువారు

గల్ఫ్‌కు, బ్రిటన్‌కు వెళ్లే తెలుగువారిలో కొందరు ఈ రంగంలో చేరతారు. అక్కడ భారతీయ ధ్రువపత్రం ఒక్కటే చాలదు. దుబాయ్‌లో ‘సిరా’ అనే నియంత్రణ సంస్థ నిర్దేశించిన శిక్షణ, పరీక్ష పూర్తిచేయాలి. బ్రిటన్‌లో 2001 చట్టం కింద ఏర్పడిన ‘ఎస్ఐఏ’ అనే నియంత్రణ సంస్థ గార్డుకే వ్యక్తిగతంగా లైసెన్సు ఇస్తుంది. కాంట్రాక్టు గార్డు అది లేకుండా పనిచేస్తే నేరం.

ధ్రువపత్రం విలువ

ఇరవై రోజుల శిక్షణ ఇవ్వకుండా, యూనిఫాం తొడిగి నేరుగా సైటుకు పంపే ఏజెన్సీ మూడు తప్పులు చేస్తోంది: చట్టాన్ని అతిక్రమిస్తోంది, సేవ కొన్నవారిని మోసగిస్తోంది, గార్డును ప్రమాదంలోకి నెడుతోంది. కాబట్టి గార్డులను కోరే సంస్థలు ధర ఒక్కటే చూడకుండా ఏజెన్సీ లైసెన్సు, పంపిన ప్రతి గార్డు శిక్షణ ధ్రువపత్రం అడిగి చూడాలి. గార్డు కూడా అడిగి తీసుకోవాల్సిన కాగితం అది. పని మానినప్పుడు ఏజెన్సీ ఇచ్చిన గుర్తింపు కార్డును తిరిగి అప్పగించాలి. ధ్రువపత్రం మాత్రం అతని సొంత పేరు మీదిది. ఆపదలో ఏం చేయాలో నేర్చుకున్న చేతులూ అతనివే.