పేరు మార్చుకొన్న చిత్రములు

ముత్తుకూరు మొదలగు నెల్లూరు తీరగ్రామములవారికి తమిళదేశము పొరుగిల్లు. అచ్చటి చలనచిత్రములు మన మాటలు నేర్చుకొని, తరచుగా పేరుకూడ మార్చుకొని, ఇచ్చటికి వచ్చుట చదువరు లెరిగినదే. వేయిమందిలో నొకడు అను నర్థముగల తమిళనామముతో 2010లో వెలువడిన చిత్రము తెలుగున "యుగానికి ఒక్కడు" అయ్యెను. వేయిమంది మనకు చాలకపోయిరి కాబోలు! 2002 నాటి "కన్నత్తిల్ ముత్తమిట్టాల్" అనునది భారతి గీతమునుండి గైకొన్న పేరు. ఆ గీతము నెరిగిన తమిళునకు ఆ రెండు మాటలలోనే బిడ్డయందలి మమకారము స్ఫురించును. తెనిగించినచో ఆ స్ఫురణ రాదు. కావున మనవారు కథలోని బాలిక పేరే గ్రహించి "అమృత" యనిరి. ఇది యుచితమైన పనియే యని మా తలంపు.

సముద్రము దాటిన పేర్ల సంగతి వేరు. "ముత్తు" 1995 నాటి తమిళచిత్రము. తెలుగునను ఆ పేరే. ముత్తుకూరువారి చెవికి అది కొత్తగాదు. 1998లో జపానున దానికి "ముత్తు: నాట్యమాడు మహారాజు" అని పేరిడిరి. కథ నెరిగినవారి కిందలి వింత తెలియును. ముత్తు జమీందారుగారి యింట బండి తోలు సేవకుడు. ఆ యాస్తికి నిజమైన వారసు డతడే యని చాల కథ నడచిన పిమ్మటగాని బయటపడదు. జపానువారు ఆ రహస్యమును గోడప్రకటన మీదనే సగము చెప్పివేసిరి. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. మహారాజు, నాట్యము అనునవి భారతదేశ మనగానే పరదేశీయుడు ఊహించుకొను వస్తువులు. కళ్లెము పట్టిన సేవకుని చేయి ఆ పేరులో మాయమైనది. చిత్రము అచ్చట విశేషముగ నాడెను. పేరును అందుకు తోడ్పడియే యుండును. అయినను, సంస్థానములు విలీనమై యేబదియేండ్లు గావచ్చిన నాడు మనలను ఇంకను రాజుల దేశముగనే చూపుట మాకు రుచింపలేదు.

2016 నాటి హిందీచిత్రము "దంగల్" అనగా కుస్తీపోటీ. అది 2017లో చీనాదేశమున "కుస్తీ పట్టుదము రా, నాన్నా" అను నర్థముగల పేరుతో వెడలెను. గోదాలో గెలిచినవారు కూతుండ్రు. పేరున కెక్కినవాడు తండ్రి. పిలుచుచున్న గొంతు కూతురిదే కదా యని సమాధానము చెప్పవచ్చును. మా యింట ఈ విషయమై స్త్రీలకును పురుషులకును ఏకాభిప్రాయము కుదురలేదు.

ఇక మన చిత్రములు. 2012 నాటి "ఈగ" తమిళమున "నాన్ ఈ", మలయాళమున "ఈచ", హిందీలో "మక్ఖీ" అయ్యెను. ఎవరి భాషలో వారికి ఈగయే, ఇది న్యాయము. కాని 2013లో జపానునకు పోవునపుడు అది హిందీ పేరే పెట్టుకొని పోయినది. జపాను ప్రేక్షకునకు ఈగ యైనను మక్ఖీ యైనను తెలియని మాటయే. అట్టిచో మూలభాషలోని రెండక్షరముల పేరును తొలగింప నేమి యవసరము?

అయితే తప్పంతయు పరులదే యనుటకు వీలులేదు. 2013లో వెలువడిన మరియొక తెలుగుచిత్రమునకు మనవారే "బాద్‌షా" యని పారసీకపదమును పేరుగా నిడిరి. జపానువారు దానిని అట్లే యుంచి, ప్రక్కన "తెలుగు చక్రవర్తి" అని చేర్చిరి. ఆ చిత్రము పేరులో తెలుగు అను మాట చేరినది అచ్చటనే.