టార్చి వెలుగులో యాభై కేసింగులు

బయట ఒహాయో మంచు. కింద బేస్‌మెంట్లో మీరు, ఒక ట్యూబ్‌లైటు, బల్లకు బోల్టులతో బిగించిన తూటాలు నింపే ప్రెస్. రేపు సాయంత్రం క్లబ్బులో 50 అడుగుల ఇండోర్ షూటింగ్ పోటీ. రేడియో కట్టేశారు, ఫోను మేడ మీదే వదిలేశారు.

ముందు ఖాళీ కేసింగులు. పోయిన వారం రివాల్వర్‌లో కాల్చిన .38 స్పెషల్‌వే, కడిగి ఆరబెట్టినవి. ఒక్కోటీ ప్రెస్‌లో డై కింద పెట్టి పిడి కిందికి లాగితే, పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి మళ్లీ కొలతకొస్తుంది. అడుగునున్న పాత ప్రైమర్ టిక్కుమని డబ్బాలో రాలుతుంది. ఇంకో డై మూతిని వెంట్రుకవాసి విప్పుతుంది. కొత్త ప్రైమర్ ఎక్కించాక వేలితో తడుముతారు. అది పైకి తేలితే సిలిండర్ తిరగనని మొరాయిస్తుంది.

ఇక తుపాకిమందు. బల్ల మీద ఒక్క డబ్బాయే ఉంది. రెండోది ఉంటే చెయ్యి పొరబడుతుంది. బుల్స్‌ఐ రకం మందు, లోడింగ్ పుస్తకంలో చూసుకున్న 2.7 గ్రెయిన్లు. గ్రాములో ఆరో వంతుకు రవ్వంత ఎక్కువ, చిటికెడు ఉప్పంత కూడా ఉండదు. త్రాసు ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి, గరాటులోంచి వంపుతారు.

తేలిక తూటాకు భయమేముందని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం దానితోనే భయమెక్కువ. 1898లో ఈ కేసింగును నల్ల తుపాకిమందు పట్టేలా పొడుగ్గా చేశారు. ఈ కాలపు మందు అందులో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. రెండుసార్లు పోసినా పొంగదు, అసలు పోయకపోయినా బరువులో తెలియదు. రెండింతలు పడితే రివాల్వర్ చీలిపోవచ్చు. ఏమీ లేకపోతే ప్రైమర్ ఒక్కటే తూటాను బ్యారెల్లోకి నెట్టి మధ్యలో వదిలేస్తుంది. అది తెలియక వెనకాలే ఇంకోటి కాల్చారా, బ్యారెల్ పగిలిపోవచ్చు.

అందుకే యాభైటినీ చెక్క పళ్లెంలో నిలబెట్టి టార్చి తీస్తారు. వరస వరసా, ఒక్కోదాంట్లోకి వంగి. అన్నిట్లోనూ బూడిదరంగు మందు ఒకే మట్టంలో.

నాలుగో వరసలో ఒకటి నల్లగా ఉంది.

టార్చి వంచి మళ్లీ చూస్తారు. అడుగున ప్రైమర్ మంట వచ్చే చిన్న రంధ్రం కనిపిస్తోంది. మందు లేదు. గుండె ఝల్లుమంటుంది. పక్కదాంట్లోకి చూస్తారు: మట్టం పైకి ఉంది. గరాటు ఒకచోటే రెండుసార్లు ఆనింది.

ఆ రెండూ సరిచేస్తే చాలు కదా అనిపిస్తుంది. వద్దు. యాభైటినీ డబ్బాలోకి వంపేసి మళ్లీ మొదటినుంచి. గంట పోతే పోనీ.

అర్ధరాత్రికి వాడ్‌కట్టర్లు ఎక్కుతాయి. 148 గ్రెయిన్ల మెత్తటి సీసం, ముక్కు లేని చదును ముఖం, కేసింగు మూతితో సమానంగా కూర్చుంటుంది. పైనుంచి చూస్తే బిరడా బిగించిన బుడ్డిలా ఉంటుంది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాకే మంచినీళ్ల గ్లాసు ముట్టుకుంటారు.

మర్నాడు రేంజిలో కళ్లద్దాలు, ఇయర్‌మఫ్‌లు. ఐదు తూటాలు నింపి చెయ్యి చాపుతారు. మణికట్టుకు చిన్న తోపు, అంతే. ఒక్కో చప్పుడూ లెక్కపెడుతున్నారు. ఐదు.

టార్గెట్ తీగ మీద ఊగుతూ వెనక్కొస్తుంది. గుండ్రని ముక్కున్న తూటా కాగితాన్ని చింపుతుంది. ఈ వాడ్‌కట్టర్ పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు కోసేసింది. అంచులు తేటగా ఉన్నాయి, గీతకు తగిలిందో లేదో వాదనే లేదు. ఐదు రంధ్రాలు.

సిలిండర్ తెరిచి నొక్కితే ఐదు కేసింగులు వెచ్చగా అరచేతిలో పడతాయి. వాటిని సంచిలో వేసుకుంటారు.